సాల్ట్ సార్ ఒరిజినల్స్

పోయిన మంగళవారం మధ్యాహ్నం పనిలో ఉండగా ఫోన్ వచ్చింది. ఇంటర్‌లో రెండేళ్ళు నాతోపాటు ఒకే గదిలో ఉన్న పల్లికోన అమ్మాయి చేసింది. పెళ్ళయి ఇప్పుడు తెనాలిలో ఉంటోంది. "సాల్ట్ సార్ పోయారే," అంది. ముందురోజు సాయంత్రం సార్ కాలేజీ నుంచి బాపట్లలో ఇంటికి చేరి, చొక్కా విప్పి మేకుకు తగిలించి, మంచినీళ్ళు అడిగారట. గ్లాసు తెచ్చేలోపే అయిపోయిందట. ఆయనకు యాభై కూడా నిండలేదు.

"ఇంకా ఆ కాలేజీలోనే ఉన్నారా?" అని అడిగాను. మనిషి పోయాడని చెబితే అడగాల్సిన మాట కాదది. "ఇంకెక్కడికెళ్తారే," అంది అది. ఆ ప్రశ్న నా నోట ఎందుకొచ్చిందో దానికి తెలుసు, నాకు తెలుసు. మీకు తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

రెండువేల ఒకటిలో నేను తెనాలిలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో బైపీసీలో చేరాను. కాలేజీ, హాస్టలు ఒకటే బిల్డింగు. కింద ఆఫీసు, మెస్సు. పైన క్లాసులు. ఆ పైన మేము. మెట్ల దగ్గర ఇనప గేటు, గేటుకు తాళం. కిటికీలకు ఊచలు సరిపోవన్నట్టు వల కూడా కొట్టారు. ఐదింటికి బెల్లు కొడితే లేవడం, పడుకోమన్నప్పుడు పడుకోవడం, మధ్యలో ఉన్నదంతా స్టడీ అవరే. తలనొప్పి వచ్చినా స్టడీ అవర్లోనే రావాలి.

నెలకొక ఆదివారం ఇంటివాళ్ళను చూడనిచ్చేవారు. రేపల్లెలో మా అబ్బాకు టైలరింగ్ షాపు. ఆయన క్యారేజీ పట్టుకొని వచ్చి గేటు అవతల నిలబడేవాడు. "ఇంటికి తీసుకెళ్ళు అబ్బా," అని ప్రతిసారీ నేను. "సబర్ చెయ్యి బేటీ, ఎంతలో అయిపోద్ది," అని ప్రతిసారీ ఆయన. టెన్త్‌లో మంచి మార్కులొచ్చాయని కాలేజీవాళ్ళు ఊరికే సీటిచ్చారు. ఊరికే వచ్చినదాన్ని వదులుకునే వంశం కాదు మాది. రేపల్లె ప్యాసింజరు కూత మా గదిలోకి వినిపించేది. రోజూ ఇంటికెళ్ళే బండి కూత వింటూ ఎక్కలేకపోవడం కన్నా చెవుడు రావడం మేలనిపించేది.

అలాంటి చోటికి సార్ వచ్చేవారు. బాపట్ల నుంచి రోజూ రైల్లో. క్లాసుకు వచ్చేసరికే చొక్కా నలిగి ఉండేది. ఆ చొక్కాలన్నిటికీ పొట్ట దగ్గర సన్నటి యాసిడ్ చిల్లులు. జేబులో పెన్ను ఉండదు గానీ చాక్‌పీసు ఉంటుంది. ఆయన కూర్చోగా నేను చూడలేదు. కుర్చీ మీద మా రికార్డు పుస్తకాలు పెట్టి ఆయన నిలబడేవారు.

ఆయన అలవాటొకటి మాకందరికీ అంటుకుంది. ల్యాబులో ఏ వాయువునూ నేరుగా వాసన చూడకూడదు. టెస్ట్‌ట్యూబు దూరంగా పట్టుకొని, అరచేత్తో గాలిని ముక్కువైపు మెల్లగా విసురుకోవాలి. సార్ మెస్సులో సాంబారు దగ్గర కూడా అలాగే విసురుకునేవారు. కాసేపు ఆలోచించి, "పప్పు ఆబ్సెంట్," అని తేల్చేవారు. మెస్సు ఆయన కూడా నవ్వేవాడు. ఆ రెండేళ్ళలో మేం నవ్విన నవ్వుల్లో సగం ఆయన పుణ్యమే.

సాల్ట్ సార్ అనే పేరు సాల్ట్ ఎనాలిసిస్ వల్ల వచ్చింది. సెకండియర్ ప్రాక్టికల్స్‌లో ఒక సీసాలో పొడి ఇస్తారు. అదేం లవణమో పరీక్షలు చేసి తేల్చాలి. సున్నా నుంచి ఆరు దాకా గ్రూపులుంటాయి. ఒక గ్రూపులో దొరక్కపోతే తర్వాతి గ్రూపుకు వెళ్ళాలి. వరస తప్పితే మొత్తం తప్పుతుంది. మాకు ఆ వరస ఎక్కేది కాదు. ఒకరోజు సార్ బోర్డు మీద అడ్డంగా గీత గీసి, "ఇది రేపల్లె బండి," అన్నారు. "తెనాలి సున్నా. అమ్మోనియం ఉంటే ఇక్కడే దిగిపోద్ది, వాసనకే తెలుస్తది. చినరావూరు ఒకటి. జంపని రెండు. వేమూరు మూడు. పెనుమర్రు నాలుగు. భట్టిప్రోలు ఐదు. రేపల్లె ఆరు. మనవాడు జంపనిలో దిగలేదనుకో, జంపనిలోనే కూచుని వెతక్కు. వేమూరు పద. అంతేగాని తెనాల్లో ఎక్కి రేపల్లెలో కళ్ళు తెరవమాకండి."

నా పక్కనున్న అమ్మాయి లేచింది. "సార్, భట్టిప్రోలు తర్వాత పల్లికోన ఉందండి."

"ఉందమ్మా. గ్రూపులే అయిపోయినాయి. మీ ఊరిని నేనేం తీసెయ్యలా, కెమిస్ట్రీ తీసేసింది."

అది వారం రోజులు అలిగింది. కానీ మా సెక్షన్లో ఎవరూ మళ్ళీ వరస తప్పలేదు.

చాలా కాలేజీల్లో అప్పట్లో ల్యాబంటే తాళం వేసిన గది. పరీక్షలు చెయ్యకుండానే ఏ రంగు వస్తుందో, ఏ వాసన వస్తుందో బట్టీ పట్టించి రికార్డులు నింపించేవారు. సార్ మాత్రం ఆదివారం మధ్యాహ్నాలు బాపట్ల నుంచి మళ్ళీ రైలెక్కి వచ్చి, వాచ్‌మన్ను బతిమాలి ల్యాబు తీయించి మాతో చేయించేవారు. ఆ రెండు గంటలు మా గేటుకు తాళం ఉన్న సంగతే గుర్తొచ్చేది కాదు నాకు. ఒకసారి నేను జింకు పరీక్ష చేసి "వైట్ ప్రెసిపిటేట్" అని రాశాను. ఆయన నా చేతిలో ట్యూబు తీసుకొని కిటికీ వెలుగులో పెట్టారు.

"ఇది తెలుపా అమ్మా?"

"పుస్తకంలో వైట్ అనే ఉంది సార్."

"పుస్తకంలోది ఏ రంగో నాకు తెలుసు. నీ చేతిలోది ఏ రంగు?"

నా చేతిలోది బూడిదరంగులో ఉంది. "గ్రే సార్," అన్నాను.

"అది రాయి. కనపడింది రాయాలి, కావల్సింది రాయకూడదు. బూడిదరంగు ఎందుకొచ్చిందో తర్వాత చూద్దాం. ముందు రాయి."

ఇప్పుడు నేను రేపల్లెలో ఒక చిన్న ల్యాబులో రక్తపరీక్షలు చేస్తాను. ఈ మాట తలుచుకోని రోజు లేదు. కావల్సింది రాయమని బతిమాలేవాళ్ళు మా దగ్గరికీ వస్తారు. మా అన్నం నిజాయితీగా ఉందంటే అది ఆయన పెట్టిందే. ఇంత చెప్పాక, నేనాయనకేం పెట్టానో కూడా చెప్పాలి.

సెకండియర్ డిసెంబరులో నేనొక తెగింపు చేశాను. టీసీ అడిగి, రేపల్లె గవర్నమెంటు కాలేజీలో చేరిపోదామని ఆఫీసుకు వెళ్ళాను. ప్రిన్సిపాల్ గారి బల్ల ముందు అప్పటికే సార్ నిలబడి ఉన్నారు. నన్ను ఆగమన్నారు గానీ బయటికి పొమ్మనలేదు.

"ఒక్కరోజు ఇప్పించండి సార్. సాయంత్రానికి తెచ్చి ఇచ్చేస్తానండి," అంటున్నారు ఆయన.

ఆయన అడుగుతున్నది తన ఒరిజినల్స్. టెన్త్ నుంచి ఎమ్మెస్సీ దాకా సర్టిఫికెట్లన్నీ ఉద్యోగంలో చేరేరోజే తీసుకొని ఆఫీసు బీరువాలో పెట్టేవారు. లెక్చరర్లు మధ్యలో వేరే కాలేజీకి వెళ్ళిపోకుండా అదొక పద్ధతి. బాపట్లలో ఒక ఎయిడెడ్ కాలేజీలో పోస్టు పడిందట. ఆయన ఇంటి నుంచి నడిచి వెళ్ళే దూరం. ఒరిజినల్స్ చూపించకపోతే ఇంటర్వ్యూ గదిలోకే రానివ్వరు.

"ఇస్తే మళ్ళీ వస్తారా మాస్టారూ?" అన్నారు ప్రిన్సిపాల్ గారు నవ్వుతూనే. "ప్రాక్టికల్స్ అవనివ్వండి. మీ సెక్షన్లో అందరికీ ముప్పైకి ముప్పై పడితే, మార్కులేసిన రోజునే మీ కాయితాలు మీ చేతిలో పెడతాను. ఇంటర్వ్యూ ఎప్పుడన్నారు?"

"ప్రాక్టికల్స్ అయిన నాలుగు రోజులకండి."

"మరింకేం. నీకేంటమ్మా?"

నేను టీసీ అన్నాను. ఆయన చేత్తో వెనకనున్న బీరువా చూపించి, "అక్కడ భద్రంగా ఉంది. పరీక్షలు రాసి తీసుకెళ్ళు," అన్నారు.

ఇద్దరం కలిసే బయటికొచ్చాం. మెట్ల దగ్గర సార్ ఆగారు. "ఇద్దరం ఒకే బీరువాలో ఉన్నామన్నమాట. పైన నువ్వున్నావో నేనున్నానో," అన్నారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "వెళ్ళి చదువుకోమ్మా. నీకూ నాకూ ఇంకో రెండు నెలలు."

అంటే మా క్లాసులో మరెవరికీ తెలియని సంగతి నాకు తెలుసు. మా ముప్పై మార్కుల మీద ఆయన బాపట్ల ఉద్యోగం ఆధారపడి ఉందని.

ప్రాక్టికల్స్‌కు ముందురోజు మా కాలేజీలో ఒక తంతు ఉండేది. సీసాల మీద నంబర్లుంటాయి. ఏ నంబరులో ఏ సాల్టుందో లిస్టు ఒకటి ఆఫీసు నుంచి లెక్చరర్లకు వచ్చేది. లెక్చరరు దాన్ని క్లాసులో చదివితే పిల్లలు బట్టీ పట్టేవారు. తప్పని ఎవరూ అనుకునేవారు కాదు. హాల్‌టికెట్లు పంచినట్టే అదీను.

ఆ సాయంత్రం సార్ క్లాసుకు వచ్చినప్పుడు జేబులో చాక్‌పీసుతోపాటు మడిచిన కాయితం ఉంది. బోర్డు మీద ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలు ఒకదాని కింద ఒకటి వేశారు. మేం పెన్నులు తీశాం. ఒకటి ఎదురుగా రాయడానికి చెయ్యెత్తి అలాగే ఉండిపోయారు. వీపు మాత్రమే కనపడుతోంది మాకు. తర్వాత డస్టరు తీసుకొని పన్నెండు అంకెలూ తుడిచేశారు.

"గ్రూప్ త్రీ ఇంకోసారి చూద్దాం. రికార్డులు తియ్యండి."

"సార్, నంబర్లు?" అని ముందు బెంచీ అమ్మాయి లేచింది.

"సీసాలో ఏముందో సీసానే చెబుద్దమ్మా. ఎలా అడగాలో నేర్పాను కదా మీకు."

ఆయన వెళ్ళిపోయాక క్లాసు గగ్గోలెత్తింది. పక్క సెక్షన్ వాళ్ళు అప్పటికే నంబర్లు వల్లె వేస్తున్నారు. ఒకమ్మాయి ఏడుపు మొదలుపెట్టింది. ప్రిన్సిపాల్ గారికి లెటరు పెడదామన్నారు. రాత బాగుంటుందని పెన్ను నా చేతిలో పెట్టారు. "మా లెక్చరర్ గారు నంబర్లు చెప్పలేదు. దయచేసి చెప్పించగలరు." అంతే రాశాను. కింద పద్నాలుగు సంతకాలు, మొదటిది నాది. మాకు ముప్పై వస్తేనే కదా ఆయన కాయితాలు ఆయనకొచ్చేది, ఇది ఆయన మేలుకే అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. నాకు భయమేసింది. ఒక్క మార్కు పోయినా ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్ అని మళ్ళీ అదే గేటు లోపల పెడతారేమోనని భయమేసింది. భయానికి మంచి బట్టలు తొడగడం ఆ రోజే నేర్చుకున్నాను.

మర్నాడు పొద్దున ఉప్మా తింటుండగా ఫిజిక్స్ లెక్చరరు వచ్చి మాకు లిస్టు చదివారు.

నాకు తొమ్మిదో నంబరు వచ్చింది. లిస్టు ప్రకారం మెగ్నీషియం సల్ఫేటు. సార్ లెక్కలో మా రేపల్లె. అన్ని గ్రూపులూ దాటుకుంటూ చివరిదాకా వెళ్తే తప్ప దొరకనిది, అన్నిటికన్నా ఎక్కువ పని పెట్టేది. నేనొక్క పరీక్షా చెయ్యలేదు. ఈ గ్రూపులో లేదు, ఆ గ్రూపులో లేదు అని వరసగా రాసుకుంటూ పోయి చివర ఉందని రాశాను. చక్కటి రాత, ఒక్క కొట్టివేత లేదు. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినరు ఆ చివర కాఫీ తాగుతున్నారు. సార్ బల్లల మధ్య తిరుగుతూ నా దగ్గర ఆగారు. నా స్టాండులో ఒక ట్యూబు తీసి వెలుగులో పెట్టి చూశారు. ట్యూబు పొడిగా ఉంది. పక్కది కూడా తీసి చూశారు. అదీ పొడే. రెండూ యథాస్థానంలో పెట్టి ముందుకెళ్ళారు. తిట్టి ఉంటే బాగుండేది.

మా సెక్షన్లో అందరికీ ముప్పై పడింది. సార్ ఆఫీసుకు వెళ్ళి అడిగారట. ప్రిన్సిపాల్ గారు మా లెటరు బల్ల మీద పెట్టి, "మార్కులొచ్చింది మీ వల్ల కాదుగా మాస్టారూ," అన్నారట. ఇది మాకు ఆఫీసు అటెండరు చెప్పాడు. నేను నమ్మలేదు. నమ్మకూడదని గట్టిగా నిర్ణయించుకున్నాను. నాలుగో రోజు పొద్దున, ఈరోజు సార్ క్లాసుకు రాకూడదు అని దువా చేసుకున్నాను. తొమ్మిదింటికి ఆయన వచ్చారు. అదే నలిగిన చొక్కా. హాజరు పిలిచారు, నా పేరు కూడా మామూలుగానే పిలిచారు. బెంజీన్ చెప్పారు.

పరీక్షలు రాసి ఏప్రిల్లో టీసీ తీసుకొని నేను బయటపడ్డాను. ఆయన లోపలే ఉండిపోయారు. బయటికొచ్చానన్న మాటే గానీ, ఎక్కడున్నా ఆ రెండు పొడి ట్యూబులు నాతోనే ఉన్నాయి.

రెండేళ్ళ కిందట తెనాలి ప్లాట్‌ఫాం మీద ఒకసారి కనపడ్డారు. జుట్టు బాగా నెరిసింది. నేనే దగ్గరికెళ్ళాను. ఏం చేస్తున్నావని అడిగితే చెప్పాను. "కనపడిందే రాస్తున్నావుగా?" అన్నారు. "రాస్తున్నానండి," అన్నాను. ఆ లెటరు సంగతి ఎత్తడానికి నోరు తెరిచాను. బాపట్ల వైపు బండి వచ్చేసింది. వచ్చి ఉండకపోతే చెప్పేదాన్నని అనుకుంటాను. అదీ కావల్సింది రాయడమేనేమో.

ఫోన్ వచ్చిన మూడో రోజు బాపట్ల వెళ్ళాను. చిన్న అద్దె ఇల్లు. జనం పల్చబడ్డారు. సార్ భార్య నన్ను లోపలి గదిలో మంచం పక్కన కూర్చోబెట్టారు. మంచం మీద ఖాకీ కవరు ఉంది.

"ఇందాకే కాలేజీ అటెండరు తెచ్చిచ్చి వెళ్ళాడమ్మా," అన్నారు. "ఆయన ఒరిజినల్స్. ముట్టినట్టు రిజిస్టర్లో సంతకం పెట్టమన్నాడు. ఆయన పేరు పక్కన నేను పెట్టాను."

ఊరికే ఉండలేక, "డూప్లికేట్లు తెచ్చుకోవచ్చు కదండి, చాలామంది అలాగే చేస్తారు," అన్నాను.

"నేనూ అన్నాను. మా తమ్ముడైతే ఫారాలు కూడా తెచ్చాడు. పోయినాయని పోలీసు స్టేషన్లో రాసివ్వాలంట. 'పోలేదు కదా, ఎక్కడున్నాయో నాకు తెలుసు కదా, పోయినాయని ఎట్టా రాస్తాను' అన్నారు. నేను రెండేళ్ళు పోరి ఊరుకున్నా."

అప్పుడు చెప్పేశాను. "ఆ లెటరు రాసింది నేనేనండి."

"తెలుసమ్మా. రేపల్లె అమ్మాయి, రాత ముత్యాల్లా ఉంటదని చెప్పారు."

"కోపం రాలేదాండి సార్‌కి?"

"ఎందుకు రాదు? రెండు రోజులు అన్నం సరిగా తినలా. తర్వాత ఆయనే అన్నారు. 'వాళ్ళకి మార్కులు కావాలి, నాకు కాయితాలు కావాలి. ఇద్దరం చెయ్యి చాచింది ఒకాయన దగ్గరే. ఇంక వాళ్ళనేం అంటాం' అని."

ఆమె కవరు విప్పి ఒక్కొక్కటే మంచం మీద పరిచారు. టెన్త్, ఇంటర్, బీఎస్సీ, బీఈడీ. ఎమ్మెస్సీ పట్టా అన్నిటికన్నా పెద్దది. కవర్లో పట్టక ఎవరో దాన్ని నాలుగు మడతలు పెట్టారు. "ఆయన దీన్ని చుట్టి పెట్టేవారమ్మా, ఒక్క మడత పడనిచ్చేవారు కాదు," అంటూ ఆమె అరచేత్తో రుద్దారు. చెయ్యి తియ్యగానే కాయితం లేచి ముడుచుకుంది. ఆమె మళ్ళీ రుద్దారు. నేను ఇటువైపు అంచు పట్టుకున్నాను, ఆమె అటువైపు పట్టుకున్నారు. చాలాసేపు అలాగే అదిమి పట్టుకొని కూర్చున్నాం. బండి టైమవుతోందని నేను చెయ్యి తీశాను. ఇన్నేళ్ళూ మడతలో ఉన్న కాయితం, మెల్లగా లేచి మళ్ళీ అదే మడతలోకి పోయింది.